గడ్డకట్టని నీళ్ళు

నవంబరు వచ్చేసరికి కజఖ్ మైదానంలో నీళ్ళన్నీ గడ్డకట్టాయి. వాగు మూసుకుంది, గుంటలు మూసుకున్నాయి, గుర్రాలు తాగే కుంట మీద గిట్టలు జారుతున్నాయి. ఫ్యాక్టరీ మడుగు ఒక్కటే రెప్ప వేయకుండా, పసుపు కన్నుతో, ఆకాశంకేసి చూస్తోంది.

ఆ మడుగుకు కాపలా కుల్యాష్. క్రోమియం తీయగా మిగిలిన విషపు నీటిని అందులోకి వదులుతారు. వేసవంతా ఆ నీటిని ఎండ తాగుతుంది, గాలి తాగుతుంది. మిగిలిన చిక్కని ముద్దను పీపాలకెత్తి భూమిలో పాతిపెడతారు. ఎంత ఎండితే అంత తక్కువ పాతాలి. చెరువై వచ్చింది చెంబై పోవాలన్నది షిఫ్టు మేస్త్రీ ఎర్మెక్ మాట. ఈ ఏడు ఎండలు దంచికొట్టి మడుగు మూడోవంతుకు దిగింది. నిరుడు ఈపాటికి అదీ గడ్డకట్టింది. ఈసారి నీటిలోని ఉప్పు చిక్కబడి, చలికి లొంగలేదు.

దారితప్పిన పిట్టలు అందులో దిగకుండా, గుంజకు వేలాడే ఇనుపరేకును కడ్డీతో మోగించడం కుల్యాష్ పని. బాతులను తరిమింది, కొంగలను తరిమింది. ఏనాడూ మనసు నొచ్చుకోలేదు.

ఆ ఉదయం దిగినవి హంసలు. జంట.

ఎత్తిన కడ్డీ ఎత్తినట్టే ఆగిపోయింది. హంసను అదిలించిన ఇంట ఊయల ఊగదని ఆమె అత్త అనేది. అత్తకు ఆవిడ అత్త చెప్పిందట. ఇంట్లో కోడలు మెరుయెర్త్ నిండు నెలల మనిషి. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు.

"అపా! రేకు మోగదేం? నిద్రపోతున్నావా?" గట్టు మీంచి ఎర్మెక్ అరిచాడు.

"హంసలు, తమ్ముడూ."

"హంసలైతే? వాటికేమన్నా గేటు పాసుందా?"

"నువ్వే కొట్టు మరి. ఇదిగో కడ్డీ."

ఎర్మెక్ దగ్గరికొచ్చి కడ్డీకేసి చూశాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు.

"మా ఆవిడ వింటే గడప తొక్కనివ్వదు," అని గొణిగాడు. "అలిసిపోయి దిగినట్టున్నాయి. కాసేపుండి అవే పోతాయిలే. నేను చూళ్ళేదు, నువ్వూ చెప్పలేదు."

అతడు వెళ్ళిపోయాడు. కుల్యాష్ పాల టీ పోసుకుని కూర్చుంది. హంసలు మెడకు మెడ ఆనించి తేలుతున్నాయి, తెల్లని రొమ్ములకు పసుపు పాకుతోంది. మధ్యమధ్య ముక్కులతో ఈకలు దువ్వుకుంటున్నాయి. ఎండ కాస్త ఎక్కాక వాటి రెక్కల మీద ఏదో మిలమిల మెరిసింది. మంచు అనుకుంది. ఆడహంస రెక్క విదిలించబోయింది; రెక్క లేవలేదు. అది మంచు కాదు. చలిగాలికి పలుకుపలుకుగా పేరుకున్న ఉప్పు.

టీ గిన్నె దొర్లిపోయింది. కుల్యాష్ రేకును బాదింది. చెవులు గింగురుమనేలా, భుజం పీకేలా బాదింది. మగహంస నీటిని తన్నుకుంటూ పరుగెత్తి, ఎలాగో గాలినందుకుంది. ఆడది మెడ చాచింది. అంతే.

రబ్బరు బూట్లు తొడుక్కుని దిగి, దాన్ని కావిలించుకుని కాపలా గుడిసెలోకి తెచ్చింది. కెటిల్‌లో వేడినీళ్ళు పోసి కడిగింది. ఈకల అడుగున ఉప్పుగడ్డలు వేళ్ళకు తగలడంలేదని చేతితొడుగులు విసిరికొట్టింది. రెక్కల మీది ఉప్పు కరిగింది గాని, కడుపులోకి పోయినదాన్ని ఏ నీళ్ళు కడుగుతాయి? కాసేపటికి ఆ పొడవాటి మెడ ఆమె మోచేతి మీద వాలిపోయింది.

ఎర్మెక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మడుగు తాకింది మడుగు సొత్తే, అపా. మట్టిలో పెట్టకూడదు. పీపాలో వెయ్యాలి."

"హంసనా?"

"రూలు నేను రాశానా?"

"పొద్దున ఏమైందిరా నీ రూలు?"

అతడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, పీపా మూత పట్టుకున్నాడు.

మడుగు మీద మగహంస చుట్లు కొడుతూ పిలుస్తోంది. కుల్యాష్ కడ్డీ అందుకుంది. అది కనుచూపు దాటేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.

సాయంత్రం గుమ్మంలోనే ఎదురొచ్చింది మెరుయెర్త్.

"అత్తయ్యా, మీ మడుగులో హంసలు దిగాయటగా! గొర్రెలకాపరులు చెప్పుకుంటున్నారు. మంచి శకునమట!"

"దిగాయి."

"ఇంకా ఉన్నాయా?"

"ఒకటి ఎగిరిపోయింది."

మెరుయెర్త్ ఇంకేదో అడగబోయి, అంతలోనే నడుము పట్టుకుని నవ్వింది. "అబ్బ, ఎలా తంతున్నాడో! రండి, చెయ్యి పెట్టి చూడండి."

కుల్యాష్ చేతులు వెనక్కి దాచుకుంది. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో పసుపు వదల్లేదు.

"చలికి చేతులు గడ్డకట్టుకుపోయాయమ్మా," అంది. "తర్వాత."