మడిచిన చీటీ

మీరు తిడతారని తెలిసే చెబుతున్నాను. తిట్టండి. కానీ చివరిదాకా విని తిట్టండి.

సర్కారు ఆసుపత్రిలో చీటీలు రాసే గుమాస్తాని నేను. పొద్దున్న ఎనిమిదింటికి కిటికీ తెరిచి, వచ్చినవాళ్ళ పేరు, వయసు, పేట అడిగి చీటీ రాసిస్తాను. వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి డాక్టరు గది ముందున్న రేకు పెట్టెలో వేస్తారు. బంట్రోతు ఒక్కొక్కటే తీసి పిలుస్తాడు.

ఉద్యోగంలో చేరిన వారానికే పాత గుమాస్తా నా చెవిలో ఒక మాట ఊదాడు. "మురుగు కాలువలు తీసేవాళ్ళ పేట నుంచి వస్తే చీటీ పై మూల కొంచెం మడిచియ్యి. బంట్రోతుకి తెలుసు, అడుగున పెడతాడు. లేకపోతే వాళ్ళ పక్కన కూర్చోలేమని మిగతావాళ్ళు గోల చేస్తారు." దానికి కాగితం మీద ఏ ఉత్తర్వూ లేదు. ఉత్తర్వు లేనిది తప్పెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగేళ్ళు మడిచాను.

ఆ పేటవాళ్ళు మడతని గమనించకపోలేదు. గమనించారు, కానీ తిరగేసి అర్థం చేసుకున్నారు. గుమాస్తాగారు మనకి ప్రత్యేకంగా గుర్తు పెట్టి ఇస్తున్నారు అనుకున్నారు. మడత చెదిరితే పిలవరని ఒకరికొకరు చెప్పుకుని, పెట్టెలో వేసేదాకా దాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకునేవాళ్ళు. నాకు దండాలు పెట్టేవాళ్ళు. సిగ్గులేకుండా ఆ దండాలన్నీ అందుకున్నాను.

ఆ రోజు మూడో చీటీ ఈలక్క మొగుడిది. చెత్తబండి తోస్తూ ఈల ఊదుతుందని ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. ముందురోజు ఆయన పెద్ద కాలువలోకి దిగాడట, అప్పటినుంచి ఎగశ్వాస. నేను చీటీ రాస్తుంటే ఆమె కిటికీ ఊచలు పట్టుకుంది.

"బాబూ, కాస్త గట్టిగా మడవండి. మా ఆయనకి ఊపిరాడట్లేదు."

గట్టిగా మడిచాను. గోరుతో గీసి మరీ మడిచాను.

పన్నెండింటికి మళ్ళీ వచ్చింది. అప్పటికి వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు మందులు తీసుకుని ఇళ్ళకి పోతున్నారు. "బాబూ, మడత ఉందిగా, ఇంకా పిలవలేదేం?"

"పిలుస్తారు, కూర్చో," అన్నాను. లేచి వెళ్ళి ఆ చీటీ పైకి తీసి పెట్టొచ్చు. లేవలేదు.

ఒంటిగంటకి ఆయన వరండాలో గోడకి ఆనుకునే పోయాడు. రెండింటికి బంట్రోతు ఆయన పేరు పిలిచాడు.

మర్నాడు సూపరింటెండెంటు నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. రోగి ఒంటిగంటకి పది నిమిషాల ముందు మాత్రమే వచ్చాడనీ, చీటీ రాసేలోపే ప్రాణం పోయిందనీ అందులో ఉంది. "సంతకం పెట్టు. నీకూ మంచిది, నాకూ మంచిది."

"రేపిస్తానండీ," అని జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం చెత్తబళ్ళు నిలిపే షెడ్డులో ఆ పేటవాళ్ళ మీటింగు. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి ఒక మూల నిలబడ్డాను.

"రేపట్నుంచి చీపుళ్ళు పడేద్దాం!" అన్నాడు కాలువ మేస్త్రీ. "ఆ ఆసుపత్రి ఊడ్చేది ఎవరు? మనమే! వారం కంపు కొడితే వాళ్ళే దిగొస్తారు."

నర్సు చదువు చదివే అమ్మాయి లేచింది. "కంపు సూపరింటెండెంటు గదిదాకా పోదు మావా. వార్డుల్లో పడున్నది మనలాంటోళ్ళే. పుళ్ళు కుళ్ళేది వాళ్ళకి."

"అయితే ఏం చేయమంటావే? అర్జీలు రాసుకుంటూ కూర్చోమంటావా?"

"అది జనం సొమ్ముతో నడిచే ఆసుపత్రి. మనకి దానం చేయట్లేదు ఎవరూ. వరసలో వచ్చినోళ్ళని వరసలో చూడమని అడుగుదాం. చూసేదాకా కదలొద్దు."

ఎవరో ముసలామె నిట్టూర్చింది. "గుమాస్తా బాబు మడిచిచ్చినా పిలవలేదంటే మన రాత అంతే."

ఇక నిలబడలేకపోయాను. మడత అంటే ఏమిటో చెప్పేశాను. ఒక చెప్పు వచ్చి నా భుజానికి తగిలింది. మేస్త్రీ నా చొక్కా పట్టుకుని గోడకేసి నెట్టాడు.

"నాలుగేళ్ళు దండం పెట్టాం కదరా నీకు!"

"ఒదులు బావా," అంది ఈలక్క. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "కొడితే పాపం తీరిపోయిందనుకుంటాడు. తీరనియ్యొద్దు." నా వైపు తిరిగింది. "రేపు కిటికీలో కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"అయితే అందరికీ మడిచియ్యి. ఒక్కటి వదలకుండా."

వాళ్ళ చీటీలూ మడవనివ్వమని అడగడానికి, అదే ఆసుపత్రికి వచ్చే మిల్లు కార్మికుల వీధికి ఆ సాయంత్రమే వెళ్ళాం. సగంమంది తలుపులేసుకున్నారు. "మీతోపాటు మేమూ వెనక్కి పోవాలా?" అని ఒకడు నిలదీశాడు. అప్పుడు నూలు మిషను మీద పనిచేసే ఒక నడివయసు మనిషి గడప దిగి వచ్చింది.

"వాళ్ళ పక్కన కూర్చోలేమని ఆసుపత్రిలో అరిచింది నేనే," అంది. ఈలక్క ముఖం వైపు చూడలేక చేతులు నలుపుకుంది. "మనం అరిచాం కాబట్టే ఆసుపత్రివాళ్ళు మడిచారు. రేపు నా చీటీ నేనే మడుచుకుంటా."

పొద్దున్నే కిటికీ ముందు మునుపెన్నడూ లేనంత వరస. నేను మడిచేలోపే వాళ్ళే లాక్కుని మడుచుకుంటున్నారు. పది గంటలకి బంట్రోతు రేకు పెట్టె పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నీ మడిచే ఉన్నాయి గురువుగారూ! ఎవర్ని అడుగున పెట్టను?"

"నిన్ను!" అని ఎవరో కేకేశారు. వరసంతా నవ్వింది. ఆ నవ్వుకి సూపరింటెండెంటు బయటికొచ్చాడు. వెనకాలే ఆయన పిలిపించిన పోలీసులు.

"ఎవడు మొదలెట్టాడిది?" అని అరిచి, నా ముందు చెయ్యి చాపాడు. "కాగితం ఏది?"

జేబులోంచి తీశాను. కాగితం అందరికీ వినపడేలా చదివాను. దాని కిందే రాశాను: 'ఇది అబద్ధం. ఆయన ఎనిమిదింటికే వచ్చాడు. మూడో చీటీ. మడిచింది నేను. నాలుగేళ్ళుగా ఈ పేటవాళ్ళ చీటీలన్నీ మడిచింది నేనే.' సంతకం పెట్టి, కాగితాన్ని ఈలక్క చేతికిచ్చాను.

ఆమె దాన్ని జాకెట్లో దోపుకుంది. "నిన్ను క్షమించానని అనుకోకు," అంది.

"అనుకోను అక్కా."

"అక్కా గిక్కా అనకు."

పోలీసులు నన్ను కిటికీ వెనకనుంచి ఈడ్చారు. కాగితం లాక్కోబోతే మిల్లు కార్మికులు ఈలక్క చుట్టూ చేరారు. మేస్త్రీని, నర్సు చదువు అమ్మాయిని కూడా జీపెక్కించారు. మేమూ మడిచాం, మమ్మల్నీ ఎక్కించండి అంటూ జనం చక్రాలకి అడ్డంగా కూర్చున్నారు. జీపు అంగుళం కదల్లేదు.

అప్పుడు హడావిడిగా ఇంకో గుమాస్తాని తెచ్చి కిటికీలో కూర్చోబెట్టారు. కుర్రవాడు, నుదుటి మీద చెమట. జీపు కమ్మీల్లోంచి నాకు స్పష్టంగా కనపడుతున్నాడు. కాలువల పేట ముసలామె కిటికీ ముందుకెళ్ళి పేరు, వయసు, పేట చెప్పింది. అతను రాశాడు. వేళ్ళు చీటీ పై మూల దగ్గర ఆగాయి. అతని చెవిలోనూ ఎవరో ఊదేశారు.

నూలు మిషను మనిషి ఊచల దగ్గరికి ముఖం తెచ్చింది.

"బాబూ, మేమంతా నీ చేతినే చూస్తున్నాం. మడవకుండా తిన్నగా ఇయ్యి."