వెండి పలక పట్టిన చెయ్యి

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా. ఆ ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పోదులే. పెద్ద పేరున్న ఫొటోగ్రాఫర్లు ఫోన్లోనే పాఠాలు చెబుతున్నారట, డబ్బు కట్టి వినడం దండగా, పనికొస్తుందా అని అడిగావు కదా. అవుననీ కాదనీ ఒక్క ముక్కలో తేలే మాట కాదది. అంజిలయ్య గడిపిన ఒక రోజు విను, నీకే తెలుస్తుంది.

మంచాల ఊరి నుంచి వచ్చే బస్సు ఇబ్రహీంపట్నం బస్టాండులో ఆగితే అందరూ దిగాక అంజిలయ్య దిగాడు. తోసుకుని దిగడం అతనికి చేతకాదు. నడుచుకుంటూ స్టూడియోకొచ్చి షట్టరు సగం ఎత్తి, కింద నుంచి దూరి, దీపం కూడా వెయ్యకుండా మూలకు పోయి వెండి పలక తీశాడు. నిజం వెండి కాదులే. పలుచని ప్లైవుడ్ చెక్కకు తళతళలాడే కాగితం అతికించింది. ఎండను పట్టి మనిషి ముఖం మీదికి మళ్లించడానికి వాడతారు. మండపం దగ్గర లైటు పట్టడం, ఆరుబయట ఈ పలక పట్టడం, ఇదీ అతని పని. మెత్తని గుడ్డతో దాన్ని తుడిచాడు. చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తాడు.

మనిషి పెద్ద పొడుగు కాదు. ఎడమ భుజం మాత్రం కుడిదానికంటే ఎత్తు. ఎంత కొత్త చొక్కా తొడిగినా ఒక పక్కకు ఎగబాకినట్టే ఉండేది. మోచేతి లోపల పాత హాలోజన్ లైటు కాల్చిన మచ్చ, ఎండిన రేగుపండు తోలులా ముడతలు పడి ఉండేది. ఆ ఎడమ చెయ్యి కొన్నాళ్లుగా గుంజుతోంది. ఎత్తీ ఎత్తీ అంతేలే అనుకున్నాడు. వాడిన చెయ్యి నొప్పి పెడితే దవాఖానకు ఎవరు పోతారు?

ఆ స్టూడియో బుల్లబ్బాయిది. గోదావరి అవతల నుంచి భార్య కనకరత్నాన్నీ, ఒక కెమెరానూ వెంటబెట్టుకొచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న మనిషి. మీసాలు మొలుస్తున్న వయసులో అంజిలయ్య అతని దగ్గర చేరాడు. పెళ్లిలో బుల్లబ్బాయి "అంజీ, ముఖం" అనేవాడు. అంతే, చెయ్యి లేచేది, పెళ్లికూతురి ముఖం వెలిగేది. బుల్లబ్బాయి పోయాక కొడుకు ఫణి కెమెరా అందుకున్నాడు. పిలిచే గొంతు మారింది, చెయ్యి మారలేదు.

ఈ ఏడు ఫణి బొంబాయిలో ఉండే ఒక గొప్ప ఫొటోగ్రాఫర్ పాఠాలకు చేరాడు. "లైటు కొడితే ముఖం కనబడుతుంది, మనిషి కనబడడు" అని ఆయన చెప్పాడట. ఆ మాట ఫణికి బాగా పట్టింది. ముందురోజు కెమెరా అద్దం తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "అన్నా, రేపు కృష్ణయ్యగారమ్మాయి పెళ్లికి లైట్లు వద్దు. ఉన్న వెలుగులోనే తీస్తా. బాగా వచ్చిందా, ఇక ఎప్పటికీ అక్కర్లేదు."

ఏమన్నాడో ఫణికే తెలియదు. అంజిలయ్యకు తెలుసు. ఇంటికెళ్లి భార్య సుక్కమ్మకు చెప్పాడు.

"ఫొటో మంచిగ రాకుంటె పీడ పాయె" అంది సుక్కమ్మ.

"గట్లనకు. గా పిలగాన్ని సంకనేసుకొని తిప్పిన. పాడుగావాలని ఎట్ల మొక్కాలె?"

"మరి మంచిగొస్తె నువ్వేం జేస్తవ్?"

ఆ మాట పట్టుకునే పొద్దున బస్సెక్కాడు.

కొంగరకలాన్ దారిలో ఫంక్షన్ హాలు. ఫణి స్కూటరు వెనుక పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు అంజిలయ్య. అక్కర్లేదన్నా దాన్ని వదిలి రాలేకపోయాడు. లోపలికి వెళ్లగానే ఫణి ఒక కుర్చీ చూపించాడు.

"నువ్విక్కడ కూర్చో అన్నా. ఇవాళ చుట్టంలా పెళ్లి చూడు."

ఎన్ని పెళ్లిళ్లు చేశాడో, ఏ పెళ్లిలోనూ కూర్చోలేదు మరి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పలక మోకాళ్లకు ఆనించి కుర్చీ అంచున ఒదిగాడు. పక్కనున్న ముసలమ్మ కొంచెం సేపు చూసి అడిగింది.

"పిల్ల దిక్కా, పిలగాని దిక్కా?"

"లైటు దిక్కు."

"గదేం దిక్కయ్యా? బువ్వ పెడ్తరా?"

"ఆఖరికి పెడ్తరు."

ముసలమ్మ బోసినోటితో నవ్వింది. ఇంతలో బాజాలు గట్టిగా అందుకున్నాయి. జీలకర్ర బెల్లం వేళ. అడ్డుతెర దించుతున్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ 'ముఖం' అనలేదు. అంజిలయ్య ఎడమ చెయ్యి దానంతటదే గాలిలోకి లేచి, వట్టిదే, నెత్తికి పైన నిలబడింది.

"జర ఆగయ్యా, అచ్చింతలు ఇంకా మనదాంక రాలే" అంది ముసలమ్మ.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. చెయ్యి దించుకుని, దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు, పొరుగింట్లో దొరికిపోయిన పిల్లిని దాచినట్టు.

తలంబ్రాలయ్యాక పెళ్లికూతురి తండ్రి కృష్ణయ్య విసవిసా వచ్చాడు.

"ఏం ఫణీ, లైటేది? ఆయన జూస్తె కుర్చేసుకొని కూసున్నడు. పిల్ల ముఖం నల్లగవడితె రేపు నేనెవలికి జెప్పుకోవాలె?"

ఫణి కెమెరా తిప్పి, వెనుక పడిన బొమ్మ చూపించాడు. పక్క తలుపులోంచి పడిన వెలుగు పెళ్లికూతురు సునంద చెంప మీద ఒక పక్కే ఉంది. రెండో పక్క నీడ. దిగుతున్న తెర అంచు మీదుగా ఆ పిల్ల పెళ్లికొడుకుని కాదు, తండ్రిని వెతుకుతోంది. కంటి కొసన నీరుంది, ఇంకా జారలేదు.

కృష్ణయ్య చాలాసేపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"దీన్ని పెద్దగ జెయ్యి. గోడకు వెడ్త" అని గబగబా వెళ్లిపోయాడు.

అంజిలయ్య లేచి వచ్చాడు. "నాకూ సూపెట్టు బాబు."

చూశాడు. కళ్లు సగం మూసి, దూరం జరిపి, మళ్లీ చూశాడు. ఒక అబద్ధం ఆడితే సరిపోయేది బిడ్డా. ముఖం సగమే వచ్చింది బాబు, ఎవరూ మెచ్చరు అంటే ఫణి గుండెలో ఒక ముల్లు పడేది. అతను అనలేదు.

"మస్తుంది. నేను ఎత్తి ఉంటె గా నీడ సచ్చేది, గా సూపు రాకపోయేది" అన్నాడు. "బొంబాయి సారు మంచిగ నేర్పిండు."

ఫణి ముఖం వెలిగింది. ఆ వెలుగు ఏ లైటూ వేసింది కాదు. భోజనాల బంతిలో అంజిలయ్య రెండు ముద్దలు తిని విస్తరి మడిచేశాడు.

మధ్యాహ్నం స్టూడియోలో పాఠం. గురువు నేరుగా కనబడి మాట్లాడే రోజది. శిష్యులు ప్రశ్నలు రాసి పంపితే, కొన్ని ఎంచి చదివి జవాబు చెబుతాడట. ఫణి కంప్యూటరు ముందు సర్దుకున్నాడు. అంజిలయ్య గోడ పక్క స్టూలు మీద, పలక ఒళ్లో పెట్టుకుని. ఫణి వాళ్ల ఇల్లు స్టూడియో పైనే. కనకరత్నం మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవిట్రా, బొంబాయిలో కూర్చున్నాయనకి ఇబ్రహీంపట్నం పెళ్లి ఏం తెలుస్తుంది? మీ నాన్న ఏ బళ్లోకెళ్లాడు?"

"ఆయన పెళ్లి చెప్పట్లేదమ్మా, వెలుగు చెబుతున్నాడు."

"మీ నాన్న ఆ వెలుగు కోసమే అంజయ్యతో రోజూ దెబ్బలాడేవాడు. ఏం అంజయ్యా?"

"అవ్ అమ్మా. తిట్టుడే తిట్టుడు."

ఆవిడ నవ్వి టీ పెట్టడానికి పైకి వెళ్లింది. తెర మీద గురువు ఒక చేపలమ్మే ఆవిడను ఫొటో తీస్తూ చూపిస్తున్నాడు. ఫణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. అంజిలయ్య గురువునూ చూడలేదు, చేపలావిడనూ చూడలేదు.

"బాబు, గా చెయ్యి ఎవ్వలిది?"

"ఏ చెయ్యి?"

"గదిగో, కొసకు. గుండ్రం పలక పట్టుకున్నది."

ఇన్నాళ్లూ పాఠాలు విన్నా ఫణికి ఆ చెయ్యి కనబడలేదు. బొమ్మ అంచున మోచేతి దాకా ఒక చెయ్యి, తెల్లని గుడ్డ పలకను పట్టుకుని. అప్పుడు ఫణి కూడా చూశాడు. అది మెల్లగా కిందికి దిగి, మళ్లీ లేస్తోంది.

"లైటు వద్దన్న సారుకు పలక పట్టెటోడు ఉన్నడన్నట్టు" అన్నాడు అంజిలయ్య. దెప్పడానికి కాదు, ఊరి మనిషి ఎదురుపడినట్టు అన్నాడు. "పొద్దుగాల్నుంచి పట్టుకున్నట్టుంది, గుంజుతుంటది. ఆయన పేరేందో జర అడుగు బాబు. తిన్నడో లేదో."

ఫణి వేళ్లు అక్షరాల మీద ఆగాయి. ఎక్కడెక్కడి వాళ్లో చూస్తుంటారు. పెద్ద పెద్ద స్టూడియోల వాళ్లు. ఇబ్రహీంపట్నం నుంచి ఒకడు, మీ పనివాడు అన్నం తిన్నాడా అని అడిగితే నవ్వరూ? కెమెరా అద్దం గురించి ఒక ప్రశ్న రాసి పంపాడు.

"అడిగినవా బాబు?"

"అడిగానన్నా. జవాబు వస్తుంది, ఉండు."

సరేనని అంజిలయ్య వెనక్కి, గోడకు ఆనుకున్నాడు. చెయ్యి మళ్లీ గుంజింది. కుడిచేత్తో కొంచెం పిసికి, పలక అంచు మీద పెట్టాడు. జవాబు కోసం తెరనే చూస్తూ ఉన్నాడు.

చాలా ప్రశ్నలయ్యాక గురువు ఫణి పేరు చదివాడు. ఊరి పేరును వంకరగా పలికాడు. కెమెరా అద్దం గురించి చాలా ఓపికగా, మంచిగా చెప్పాడు. పనికొచ్చే మాటే. ఫణి కుర్చీలోనే ఎగిరాడు.

"అన్నా, నా పేరు చదివారు. విన్నావా?"

అంజిలయ్య తలుపు మీది ఎండ చూసే మనిషిలా కళ్లు సగం మూసి ఉన్నాడు. కునికాడేమోనని ఫణి గొంతు తగ్గించి మళ్లీ తెర వైపు తిరిగాడు. కనకరత్నం టీ తెచ్చి, అంజిలయ్య చేతిలో గ్లాసు పెట్టబోయింది. వేళ్లు గ్లాసును అందుకోలేదు. ఆవిడ గ్లాసు నేల మీద పెట్టి, అతని నుదురు తాకి, కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"ఫణీ, ఆ మాటలు ఆపు."

దినాలనాటికి దండ వేసి గోడకు పెట్టే బొమ్మ కావాలని సుక్కమ్మ అడిగింది. ఫణి తండ్రి తీసినవీ తను తీసినవీ, పాత పెళ్లిళ్లన్నీ వెతికాడు. అంజిలయ్య ఎక్కడా లేడు. వెలుగు వెనుక నిలబడ్డ మనిషి వెలుగులోకి ఎలా వస్తాడు? చివరికి ఆధార్ కార్డు బొమ్మనే పెద్దది చేసి ఇచ్చాడు. దాంతోపాటు ఒక పాత పెళ్లి ఫొటో కూడా పట్టుకెళ్లాడు. దాని అంచున కాలిన మచ్చ ఉన్న మోచెయ్యి ఉంది. సుక్కమ్మ మొదటిది పక్కన పెట్టి రెండోది తీసుకుంది.

"గిదీ ఆయన" అంది.

అడిగానని అబద్ధమాడిన సంగతి ఫణి ఆమెకు చెప్పాలనే వెళ్లాడు. చెప్పలేక తిరిగొచ్చాడు. సునంద ఫొటో ఇప్పుడు కృష్ణయ్య ఇంట్లో గోడంత ఉంది. చూసినవాళ్లు నిలబడిపోతారు. ఫణికి పెళ్లిళ్లు పెరిగాయి. పాఠాలు వింటూనే ఉన్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఇంకా అడగలేదు.

అందుకే బిడ్డా, పాఠం దండగ అనకు. గురువు నేర్పాడు, పిల్లవాడు నేర్చుకున్నాడు. నువ్వూ చేరు, విను. వినేటప్పుడు బొమ్మ అంచుకు కూడా ఒకసారి చూడు. అక్కడ చెయ్యి కనబడితే ఎవరిదని అడుగు. నీ తోటివాళ్లకు ఈ కథ చెప్పు, చెప్పేటప్పుడు అంజిలయ్య పేరు మింగకు.

ఆ వెండి పలక ఇప్పటికీ స్టూడియో మూలన గోడకు ఆనించి ఉంది. తలుపు తీస్తే ఎండ దాని మీద పడి గది అంతా మెరుస్తుంది, ఎడమ అంచున మాత్రం మెరుపు అరిగి, నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ ఉన్నంత మేర చెక్క తేలి ఉంటుంది.