అరవై ఒకటో పేజీ

ఆదివారం పొద్దున్నే బాలలక్ష్మి ఎప్పటిలాగే తడిపిన తునికాకు ముందేసుకుని, చాటలో తంబాకు పోసుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్లు మాత్రం ఎదురుగా పీట మీదున్న కాగితాల కట్టను వదలడం లేదు. అది ఆమె భర్త మహేందర్ కేసు కాగితాల నకలు. అసలు కట్ట ఢిల్లీలో, సుప్రీంకోర్టులో ఉంది. అక్కడ ఎవరైనా చదివితే ఇక్కడ కోరుట్లలో అవే పేజీలు తిరుగుతాయి.

దీనికి వాడలో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. "రెండు కట్టలు ఒక్క కడుపుల పుట్టినయేనాయె" అని అత్త లింగవ్వ మొదట్లోనే తేల్చేసింది. వాన పడిందా అని అడిగినంత మామూలుగా ఇరుగుపొరుగువాళ్లు "ఇయ్యాల కదిలినయా?" అని అడిగి పోయేవాళ్లు. లింగవ్వ పెట్టిన కట్టుబాటు ఒక్కటే, అక్కడ చదువుతున్నప్పుడు కట్టను ముట్టుకోవద్దని. "పెద్దోళ్ల పనిల మనం ఏలు వెడితే ఉన్నది గూడ పోతది" అనేది.

మహేందర్ తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. నాలుగేళ్ల కిందట చెట్టు మీంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కల్లు గీసేవాళ్లందరూ చేసేదే తానూ చేశాడు. ఆసుపత్రికి పోకుండా బీర్పూర్‌లో ఎముకలు అతికించే ముసలాయన దగ్గర వెదురుబద్దల కట్టు కట్టించుకున్నాడు. ఆ వారంలోనే ఊళ్లో ఒకాయన్ని ఎవరో గొడ్డలితో నరికి చంపారు. మూడు నెలల తర్వాత, కట్టు విప్పాక, చచ్చినాయనతో పాత తగాదా ఉందని ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మహేందర్‌ని పట్టుకుపోయారు. చెయ్యి విరిగిందనడానికి ఆసుపత్రి చీటీ లేదు, కట్టు కట్టినాయన కాలం చేశాడు. మిగిలిందల్లా గీత కార్మికుల సొసైటీ పుస్తకంలో ఒక్క రాత. 'చెయ్యి విరిగినందున మహేందర్ తాటిచెట్లు పోచయ్యకు అప్పగించడమైనది.' కింద, ఆ హత్యకు ముందటి తారీఖు. అదే కట్టలో అరవై ఒకటో పేజీ. కింది రెండు కోర్టుల్లోనూ ఆ పేజీ ఎవరూ తిప్పి చూడలేదు. మహేందర్‌కు యావజ్జీవం పడింది.

జగిత్యాల నుంచి వకీలు భాస్కర్ ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు మనది నలభై ఆరో నంబరు."

"తీర్పు చెప్తరా సారూ?"

"తీర్పు గాదక్కా. అసలు ఇనాల్నా వద్దా అన్నదే రేపటి ముచ్చట. అసొంటియి అరవై ఉన్నయ్. ఇద్దరు జడ్జీలు ఇయ్యాల ఇండ్లల్ల కూసోని చదువుకుంటరు. రేపు ఒక్కోదానికి నిమిషమో, రెండు నిమిషాలో. శానమట్టుకు ఒక్క మాటతోని కొట్టేస్తరు."

"కొట్టేస్తే?"

"ఇగ పోయేటందుకు పైన కోర్టు లేదక్కా."

పదింటికి కట్ట మెదిలింది. పదో తరగతి చదువుతున్న కూతురు శ్రీజ పక్కన కూర్చుని అంకెలు చదవసాగింది. పేజీలు గబగబా తిరిగాయి. నలభై దగ్గర కింది కోర్టు తీర్పు అయిపోయింది. కట్ట మూసుకుంది. అరవై ఒకటి దాకా రానే లేదు.

"ఇంకో జడ్జి ఉన్నడు కదమ్మా" అంది శ్రీజ.

మధ్యాహ్నం రెండో ఆయన మొదలుపెట్టాడు. ఈయనది నిదానం. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. అక్కడ పేజీ ఆగింది. చాలాసేపు ఆగింది. వంటింట్లో అన్నం మాడుతున్నా ఎవరూ లేవలేదు. అప్పుడు పేజీలన్నీ ఒక్కసారిగా లేచి వెనక్కి వాలబోయాయి.

బాలలక్ష్మి చేతిలోని బీడీ పక్కన పడేసింది. ముడితే ఏమవుతుందో తెలియదు. ముట్టకపోతే ఏమవుతుందో తెలుసు. మూసుకుంటున్న పేజీల మధ్య తంబాకు తడి వేలు దూర్చి అరవై ఒకటో పేజీ తిప్పి అదిమిపట్టింది.

"ఏం జేస్తివే!" లింగవ్వ నెత్తి కొట్టుకుంది.

వేలి కింద కాగితం ఒక్క క్షణం పెనుగులాడింది. తర్వాత నిమ్మళించింది. ఎంతసేపో మూసుకోలేదు.

ఆ రాత్రి ముగ్గురూ అన్నం ముట్టలేదు. తాను చేసిన తప్పుకు మహేందర్‌కు శిక్ష ఎక్కడ పెంచుతారోనని బాలలక్ష్మి గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

సోమవారం పన్నెండు దాటాక భాస్కర్ ఫోన్ వచ్చింది.

"అక్కా! నోటీసిచ్చిండ్రు! సర్కారును జవాబు చెప్పమన్నరు. కేసు ఇంటరు!"

బాలలక్ష్మి ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. భాస్కర్ చెప్పుకుపోయాడు.

"పెద్ద జడ్జి కొట్టేద్దామనే మొదలువెట్టిండు. రెండో ఆయన అడ్డం వచ్చి, అరవై ఒకటో పేజీ చూడుండ్రి అన్నడు. మన ఢిల్లీ వకీలును ఒక్కటే అడిగిండు, గీ పేజీ మీద తంబాకు వాసనొచ్చే ఏలిముద్ర ఎవ్వరిదని."

"వకీలు ఏమన్నడు?"

"ఆ ఇంటోళ్లదే అయుంటదన్నడు. జడ్జి తలకాయ ఊపి రాసుకున్నడు."

ఫోన్ పెట్టేసి బాలలక్ష్మి తన వేలి వంక చూసుకుంది. తంబాకు మరక ఇంకా పోలేదు. లింగవ్వ ఏమీ అనకుండా లేచి, తంబాకు చాటను, నీళ్ల గిన్నెను తెచ్చి కాగితాల కట్ట పక్కన పెట్టింది.

"కేసు ఒడిసేదాక" అంది, "ఏలు ఆరనియ్యకు."