స్టేటస్‌లో పెట్టిన కిడ్నీ

ప్రొద్దుటూరులో కిడ్నీ డాక్టరు మసరత్‌కు ఒకటే పిచ్చి. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి జల్లెడలు లక్షల్లో ఉంటాయి. వాటిలో కొన్ని మచ్చకట్టి మూతపడుతుంటే, పక్కనున్నవి చెక్కుచెదరకుండా ఎలా ఉంటాయి? ఆమె పరిశోధన అంతా దాని మీదే.

జమ్మలమడుగు నుంచి లక్ష్మీకాంతమ్మ కాళ్ల వాపుతో వచ్చింది. పరీక్ష చేస్తే మూత్రంలో ప్రొటీన్ పోతోందని తేలింది. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలంది డాక్టరు.

“నాకుండేదే రెండు కదమ్మా! అందులో ముక్క కోసుకుంటావా?”

“నూలుపోగంత ముక్కమ్మా. అది చూస్తేనే ఏ మందు ఇయ్యాల్నో తెలుస్తాది. నువ్వు ఒప్పుకుంటే నా పరిశోధనకూ పనికొస్తాది.”

లక్ష్మీకాంతమ్మ తలూపింది. “సరే. అయితే నా ముక్క నాకు చూపియ్యల్ల.”

ఇంతవరకూ ఏ పేషెంటూ అలా అడగలేదు. మసరత్‌కు భలే సంబరమైంది. రిపోర్టు రోజున కంప్యూటర్ తెర మీద బొమ్మ పెట్టి చూపించింది. లేత గులాబీ రంగు మీద ఊదా చుక్కలు, మధ్యమధ్యలో గుండ్రటి గుత్తుల్లా ఆ జల్లెడలు.

“అబ్బ! చేమంతులు పూసినట్టుండాదే. నా లోపల ఇంత అందముండాదా?” అని, వేలితో ఒకచోట చూపించింది. “ఇదేంది, వాడిపోయినట్టుండాది?”

“అది మచ్చ కట్టిందమ్మా. దాన్ని మళ్లీ బాగుచెయ్యలేను. మిగతావాటిని కాపాడుకుందాం.”

లక్ష్మీకాంతమ్మ తెర దగ్గరికి జరిగింది. తర్వాత ఫోన్ తీసి, వాడిపోయినది పడకుండా ఒక మూల నుంచి ఫొటో తీసుకుంది. ఇల్లు చేరేలోపే దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది.

పులివెందులలో ఆమె ఆడబిడ్డ ఓబుళమ్మ అది చూసి భగ్గుమంది. వెంటనే ఫోన్ చేసింది.

“ప్రొద్దుటూరికి పోయి నాకు చెప్పకుండా చీర కొన్యావా? రంగు శానా బాగుండాది. ఏ అంగట్లో తీసుకున్యావు?”

“చీర కాదు వదినా, నా కిడ్నీ.”

“నాకే చెవిలో పూలు పెడతాండావా?”

ఓబుళమ్మ మర్నాడే బస్సెక్కి జమ్మలమడుగులో దిగింది. బీరువా అంతా తిరగేసినా అలాంటి చీర దొరకలేదు. నమ్మకం కుదరక, లక్ష్మీకాంతమ్మను లాక్కుని ప్రొద్దుటూరు ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు నవ్వు ఆపుకుంటూ అది కిడ్నీయేనని చెప్పాక, ఓబుళమ్మకు ఇంకో ఉక్రోషం పుట్టింది.

“అయితే నాదీ తియ్యి డాక్టరమ్మా. నాది దీనికంటే బాగుంటాది.”

“ఊరికే సూది గుచ్చకూడదమ్మా. ముందు బీపీ, మూత్రం చూస్తాను.”

చూస్తే బీపీ బాగా ఎక్కువగా ఉంది. మూత్రంలో ప్రొటీన్ కొద్దిగా కనబడింది. అడగ్గా అడగ్గా, మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి అంగట్లో బిళ్లలు కొనుక్కుని మింగుతున్న సంగతి బయటపడింది.

“ఆ బిళ్లలు ఈరోజుతో బంద్. ఇంకొన్నాళ్లు ఇట్లే మింగింటే కిడ్నీకి శానా ముప్పు వచ్చేది,” అంది మసరత్ గట్టిగా.

ఓబుళమ్మ మొహం పాలిపోయింది. లక్ష్మీకాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “భయపడొద్దు వదినా. నేనుండా కదా.”

నొప్పి బిళ్లలు మానేసి బీపీ మందు వాడాక, కొన్ని నెలలకు ఓబుళమ్మకు ప్రొటీన్ పోవడం ఆగిపోయింది. లక్ష్మీకాంతమ్మకు పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది, కాళ్ల వాపూ పోయింది. ఇప్పుడు చెకప్‌కు ఇద్దరూ ఒకేరోజు వస్తారు.

పోయినసారి గదిలోకి వస్తూనే ఓబుళమ్మ మొదలుపెట్టింది. “డాక్టరమ్మా, నువ్వు ఉప్పు తగ్గించమంటే ఇది దొంగతనంగా ఊరగాయ తింటాండాది.”

“ఆ జాడీ నాకు పంపించింది ఎవురో అడుగమ్మా!” అంది లక్ష్మీకాంతమ్మ.

మసరత్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “ముందు ఎవురి బీపీ చూడమంటారు?” అంది.

ఇద్దరూ ఒకరినొకరు ముందుకు తోసుకున్నారు.