కొత్త చైను, పాత పళ్లు

దానియేలు భార్య రాజశ్రీని చంపినవాడు తార్నాకలో సైకిళ్లు బాగుచేసే పరుశురాం. అందులో వాదనకు తావు లేదు. అతను ఆమె సైకిలుకు కొత్త చైను వేసిన మూడో రోజే, యూనివర్సిటీ హాస్టల్లో వంట పనికి వెళ్తూ, రోడ్డు ఎత్తెక్కే చోట ఆమె పెడళ్ల మీద లేచి నిలబడి తొక్కింది. చైను జారింది. ఆమె బస్సు కింద పడింది.

ఏడాది తర్వాత దానియేలు ఆ సైకిలును తెచ్చి పరుశురాం ముందు పడేశాడు.

"చూసుకో, నీ పనితనం."

పరుశురాం వెనక చక్రం తిప్పాడు. పన్నెండేళ్లు పాత చైనుతో కలిసి అరిగిన, చైను పట్టే ఫ్రీవీలు పళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి.

"కొత్త చైను వీటి మీద నిలవదు, పండ్లు గూడ మార్చాలన్న గదనే అన్నా! వదినె సరే అన్నది. నువ్వే, 'ఇంకో ఏడాది నడుస్తయి, నీకేం ఎరుక' అని ఆమె నోరు మూయించినవ్."

రాజశ్రీ అప్పుడు నవ్వింది. "మీ అన్నకు నాకంటే గీ పండ్ల మీదనే నమ్మకం" అంది. ఆ నవ్వు దానియేలుకు గుర్తుంది.

"నేను వద్దంటే ఆపుతవా? నీకు తెలుసు గద!" అన్నాడు దానియేలు.

పరుశురాం చక్రం మీంచి చెయ్యి తీశాడు. దానియేలు సైకిలు లేపుకుని లాలాపేట్‌లో ఇంటి వైపు తిప్పాడు.

"ఈ ముచ్చట మళ్ల నా ముందట తియ్యకు. సచ్చేదాక నేను గూడ తియ్య."