అమ్మవారు వదిలేసిన కప్ప

ఒకటో తొట్టె మూత తీసి గురునాథం కప్పను అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపే అది కాళ్ళు విదిలించి బోర్లా తిరిగింది. అలా తిరిగితే ఒంట్లో బాగున్నట్టు. తిరగకపోతే పుస్తకంలో రాయాలి. దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలి, మేతకు నాలుగు కీచురాళ్ళు వేసి, చేతి తొడుగులు విప్పి పారేసి, కొత్తవి తొడుక్కుని రెండో తొట్టె దగ్గరికి జరిగాడు. కప్ప మారితే తొడుగులు మారాలి. అరవై కప్పలకు రోజూ అరవై జతలు. కొత్తలో ఈ మాట విని భార్య సుభద్ర, "కప్పలకున్న మర్యాద మనకి నేదేటి," అని నవ్వింది.

ఆయనకు యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి. ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లతో పంతొమ్మిదేళ్ళు నడిచీ నడిచీ, బజార్లో కూడా బురదలో నడిచినట్టు కాళ్ళు ఎత్తెత్తి వేస్తాడు. ఈమధ్య నాలుగు తొట్లకొకసారి ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. గుండెకు పరీక్ష చేయించమని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. దాని ఊసే ఎత్తడు. షుగరు పరీక్షకు మాత్రం మూడు నెలలకోసారి ఠంచనుగా వెళతాడు. దానికి కారణం షుగరు కాదు.

రాయ్‌పూర్‌లో ఒక కాలేజీ వెనకవైపు కప్పల ల్యాబుకు రెండు గదులున్నాయి. కప్పల చర్మానికి పట్టి చంపే బూజు మీద అక్కడ పరిశోధన జరుగుతుంది. బూజు అంటనివి మంచిగదిలో ఉంటాయి, అంటించినవి జబ్బుగదిలో ఉంటాయి. పొద్దున మంచిగది, ఆ తర్వాతే జబ్బుగది. జబ్బుగదిలో అడుగుపెట్టిన మనిషి గానీ వస్తువు గానీ ఆ రోజు మంచిగది గడప తొక్కకూడదు. తొక్కే ముందు ఎవరైనా బ్లీచింగ్ నీళ్ళ పళ్ళెంలో కాళ్ళు ముంచాలి. ల్యాబు పెద్ద ప్రేమ్‌చంద్ సారు ఇదంతా అరగంట సేపు హిందీలో వివరిస్తే గురునాథం ఒక్క మాటలో అర్థం చేసుకున్నాడు: మడి.

ఆయన తండ్రి సూర్యారావు పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వ్యాగన్ల షెడ్డులో కలాసీగా చేశాడు. సర్వీసులో ఉండగా పోయి ఉంటే కొడుక్కి రైల్వే ఉద్యోగం వచ్చేది. సూర్యారావు అలాంటి ఉపకారాలేవీ చేయకుండా రిటైరై, పద్దెనిమిదేళ్ళు నిక్షేపంగా పెన్షను తిన్నాడు. కొడుకు మాత్రం ముప్పై ఎనిమిదో ఏట, రెండువేల సంవత్సరంలో, పొలాల్లో కప్పలు పట్టే రోజుకూలీగా ఈ ల్యాబులో చేరాడు. వాటిని తూచడం కూడా ఆయన పనే. కప్పల తక్కెడ అని లోకం సామెతగా చెప్పుకునేదాన్ని ఆయన రోజూ పొద్దున్నే పట్టుకున్నాడు. ఒకదాన్ని తూస్తుంటే ఇంకొకటి గెంతడం నిజమే గానీ, ఆ కప్పల కంటే చదువుకోవడానికి వచ్చిన పిల్లలే ఎక్కువ గెంతారు. ఒకడు బ్యాంకు ఉద్యోగంలోకి పోయాడు. ఒకడు మందిర్ హసౌద్‌లో చేపల మేత అమ్ముతున్నాడు. ఒకమ్మాయి పెళ్ళై నాగపూర్ వెళ్ళి ట్యూషన్లు చెబుతోంది. ఎవరు ఎటు పోయినా ఆయనకు దిగులు లేదు, మహేశ్వరి విషయంలో తప్ప.

మంచిగది చివర పెద్ద సిమెంటు తొట్టె ఒకటి పదకొండేళ్ళుగా ఎండిపోయి ఉంది. వరసలు ముగించి గురునాథం దాని దగ్గరికి వచ్చాడు. రోజూ వస్తాడు. అందులో చుక్క నీరు లేదని తెలుసు. అయినా వానాకాలం పొద్దుల్లో, మిగతా అరవై తొట్లూ నోరు మూసుకుని ఉన్నప్పుడు, దాని అడుగునుంచి కప్పలు అరుస్తాయి. ఒకటి రెండు కాదు, రెండు వందలు. ఇప్పుడు రిసెర్చి చేస్తున్న ఉమేష్‌ను ఒకసారి, "నీకేమైనా వినపడుతోందా?" అని అడిగాడు. అతను చెవిలోంచి పాటల తీగ తీసి విని, లేదన్నాడు. మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఈ రోజు అరుపులు మామూలు కంటే గట్టిగా ఉన్నాయి. గురునాథానికి భయమేసింది.

మహేశ్వరి భిలాయి పిల్ల. తండ్రి స్టీలు ప్లాంటులో పనిచేసేవాడు. హిందీ తప్ప వినపడని ఆ ల్యాబులో తెలుగు మాట్లాడేది ఆమే, ఈయనే. అందుకే మొదటి వారంలోనే బాబాయ్ అని పిలిచింది. నాలుగేళ్ళు రాత్రనక పగలనక పనిచేసింది. ఆ సిమెంటు తొట్టెలోని రెండు వందల పన్నెండు కప్పలూ ఆమె డాక్టరేటు. రెండువేల ఎనిమిది జూన్‌లో ఆమె జబ్బుగది ప్రయోగం ఒకటి ముగిసింది. అక్కడ మిగిలిన కప్పలన్నిటినీ సోమవారం మత్తుమందు నీళ్ళలో వేసి చంపాలి. అది పద్ధతి.

ఆదివారం డ్యూటీ గురునాథానిది. జబ్బుగదిలో చావడానికి సిద్ధంగా ఉన్న కప్పల మధ్య ఒకటి కోలుకుని కనిపించింది. కుడికాలి వేలు ఒకటి లేనిది. చర్మం నిగనిగలాడుతోంది. వెల్లకిలా వేస్తే టక్కున తిరిగింది. ఆయనకు ఆరో ఏట ఒంటినిండా అమ్మవారు పోసింది. అన్న బంగారయ్యకూ పోసింది. అన్న పోయాడు, ఈయన బతికాడు. పదకొండో రోజున తల్లి అప్పలనరసమ్మ వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో తలంటి, వెనక వసారాలోంచి ఎత్తుకుని నట్టింట్లోకి తెచ్చింది. "అమ్మవారు ఒగ్గేసిన బిడ్డ. ఈడి మీద ఎవులూ సెయ్యెయ్యకూడదు," అంది. తాగొచ్చిన రోజు కూడా సూర్యారావు ఈ కొడుకును కొట్టలేదు.

గురునాథం కాలేజీ ఆవరణలోని వేపచెట్టు రెమ్మ విరిచి తెచ్చాడు. నీళ్ళలో వేపాకు ముంచి ఆ కప్పకు స్నానం చేయించాడు. ఒళ్ళు బాగైన ప్రాణి ఇంటికి రావాలి. తానూ స్నానం చేసి బట్టలు మార్చుకుని, దాన్ని తీసుకెళ్ళి మంచిగది సిమెంటు తొట్టెలో వదిలాడు. పుస్తకంలో ఒకటి చచ్చినట్టు రాశాడు. రెండు వందల పన్నెండు మధ్య రెండు వందల పదమూడోది ఎవరికి తెలుస్తుంది? ఆ రాత్రి ఇంట్లో కడుపునిండా తిన్నాడు.

పైకి జబ్బు తగ్గినా బూజు దాని చర్మంలో ఉండిపోయింది. నాలుగు వారాల్లో రెండు వందల పన్నెండు కప్పలూ చచ్చాయి. పెద్దలు కూర్చుని విచారణ చేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడంటారు. ఇక్కడ దొంగ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొంగ కాని పిల్ల భుజం తడుముకుంది. బాగా అలిసిపోయిన ఏదో ఒకరోజు కాళ్ళు ముంచకుండా లోపలికి వచ్చి ఉంటానేమో అంది. ఆ 'ఏమో' మీద సంతకం పెట్టించుకుని, డాక్టరేటు ఇవ్వకుండానే పంపేశారు. ఆ నెలలోనే గురునాథం పర్మినెంట్ కాగితం వచ్చింది.

ఈ రోజు తొమ్మిదికి ఉమేష్‌తో, "బ్లడ్ టెస్ట్ ఉంది, పదకొండుకల్లా వచ్చేస్తాను," అని హిందీలో చెప్పి ఆటో ఎక్కాడు. శంకర్ నగర్‌లో రక్తపరీక్షల సెంటరు ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. మహేశ్వరి అక్కడే పనిచేస్తుంది. వయసు నలభైకి దగ్గరపడింది. ఆయన ముందున్న ముసలాయన దగ్గర రక్తం తీసే ముందు ఒకసారి, తీశాక ఒకసారి సబ్బుతో చేతులు కడిగింది. తొడుగుల మీద తొడుగులు వేసుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రబడి ఉంది. ఆ చేతులను చూడటానికే మూడు నెలలకోసారి వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకుని, పరగడుపు కబుర్లు చెప్పి వెళ్ళిపోతున్నాడు. కిందటిసారి ఒక తల్లి పసిబిడ్డను తెస్తే మహేశ్వరి సూది పట్టలేదు, పక్కామెను పిలిచింది. ఎందుకమ్మా అంటే, "నా హస్తవాసి మంచిది కాదు బాబాయ్. మీకు తెలుసుగా," అంది. ఆ మాట విన్నాక మూడు నెలలుగా ఆయనకు అన్నం సరిగా సహించడం లేదు.

"ఖాళీ కడుపేనా బాబాయ్?" అంటూ మహేశ్వరి ఆయన జబ్బకు రబ్బరు పట్టీ కట్టింది.

"ఖాళీయే తల్లీ. ఒక మాట సెప్పాల. సూది ఎట్టేక సెప్పలేను."

"చెప్పండి."

"ఆ కప్పలు నీ సేతుల్తో సావలేదు. నానే సేసినాను."

ఆమె పిడికిలి బిగించమనబోయి ఆగింది. ఆయన అంతా చెప్పాడు. ఆదివారం, వేపాకు నీళ్ళు, అమ్మవారు, పుస్తకంలో రాసిన చావు. మధ్యలో ఊపిరందక రెండుసార్లు ఆగాడు. బయట కుర్చీల్లో ఎవరో నంబరు ఎంత వచ్చిందని హిందీలో అడుగుతున్నారు.

"చివర్లో ఒకటి మిగిలింది," అంది మహేశ్వరి. "అన్నీ పోయినా అది పోలేదు. కుడికాలి వేలు లేదు దానికి."

"అదే తల్లీ."

"అది ఎందుకు బతికిందో చూస్తాను, వారం టైమివ్వండి అని సార్ కాళ్ళమీద పడ్డాను. బస్, ఇక చాలు అన్నారు. నాకు అర్థం కాలేదు బాబాయ్. ఇన్నేళ్ళూ అర్థం కాలేదు. దానికి ఒకసారి జబ్బు చేసి తగ్గింది, అందుకని బతికింది. అంతేనా?" అంది. "దాన్నేం చేశారు?"

"సంపీమన్నారు. నా సేత్తోనే మందు నీల్లలో ఏసినాను."

"ఒక్క మాట చెప్పలేకపోయారా అప్పుడు?"

"ఉద్యోగం పోద్దని బయ్యం. రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకున్నాను. నువ్వు ఎలిపోయేవు. ఆ తరవాత సిగ్గు."

మహేశ్వరి సూది పెట్టి రక్తం తీసింది. చెయ్యి కదలలేదు. సీసా మీద పేరు రాసింది. ఆ తర్వాత పై తొడుగులు విప్పింది, లోపలి తొడుగులూ విప్పింది. దూది ఆయన మోచేతి మడతలో పెట్టి, పగిలిన ఒట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుంది. మామూలుగా పేషెంటునే పట్టుకోమంటారు. ఆమె రెండు నిమిషాలు అలాగే పట్టుకుని తన వేలి వంక చూస్తూ కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇక్కడికి మళ్ళీ రాకండి బాబాయ్," అంది వేలు తీశాక. "టాటీబంధ్‌లో ఇంకో సెంటరుంది. అక్కడికి వెళ్ళండి."

"అలాగే తల్లీ," అని లేచాడు.

ఆటోలో సగం దూరం వచ్చాక గాని కాళ్ళకు చెప్పులు లేవని చూసుకోలేదు. వెనక్కి వెళ్ళి ఆ పిల్ల ముఖం ముందు మళ్ళీ నిలబడటం ఆయన వల్ల కాలేదు. రావద్దని చెప్పింది కూడా. ల్యాబుకు వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. కిటికీలోంచి మంచిగది కనిపిస్తోంది. చెవులు రిక్కించి కాసేపు నిలబడ్డాడు. కీచురాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. జబ్బుగది ముందు బెంచీ మీద కూర్చుని ఒక కాలికి బూటు తొడిగాడు. రెండోది చేతిలో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ఒంటిగంటకు ఉమేష్ వచ్చి నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు పిలిచాడు. ఆ రోజు జబ్బుగది కప్పలకు మేత వేసేసరికి సాయంత్రమైంది.

మహేశ్వరికి ఆయన పోయిన సంగతి చెప్పేవాళ్ళు లేరు. రాత్రి సెంటరు మూసేటప్పుడు గుమ్మం పక్కన ఒక జత చెప్పులు మిగిలిపోయాయి. బ్లీచింగ్ వాసన తగలగానే ఎవరివో ఆమెకు తెలిసింది. వాన జల్లు పడుతోందని లోపలికి తెచ్చి తలుపు మూల పెట్టింది. రిపోర్టు ఆయన ఫోనుకు పంపింది. షుగరు అదుపులోనే ఉంది. రెండో రోజు ఎవరూ రాలేదు, మూడో రోజూ రాలేదు. రావద్దన్నందుకే రావడం లేదనుకుంది. ఒకసారి ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. నాలుగో రోజు ఒక తల్లి మూడు నెలల బిడ్డను తెస్తే పక్కామెను పిలవలేదు. ఒక జత తొడుగులతోనే రక్తం తీసింది. బిడ్డ ఏడ్చి ఊరుకుంది. ఈ మాట చెప్పాలనిపించిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన్ను రావద్దంది తనే.

ఊడ్చే ఆమె చెప్పులు చూపించి, "పారేయనా దీదీ?" అని హిందీలో అడిగింది.

"ఉండనీ," అంది మహేశ్వరి హిందీలోనే. "వాటి కోసం వస్తారు."

ఊడ్చే ఆమె వాటిని చీపురుతో తలుపు వెనక్కి జరిపింది. హవాయి చెప్పులు. ఎడమదానికి పిన్నీసు గుచ్చి ఉంది. ఏళ్ళ తరబడి బ్లీచింగ్ నీళ్ళలో మునిగీ మునిగీ నీలం పట్టీలు తెల్లబడిపోయాయి, అడుగున వేళ్ళు ఆనేచోట మాత్రం ఐదు గుంటలు నల్లగా ఉన్నాయి.