మూడడుగుల అరుగు

హిందీ మాట్లాడే ఉక్కు పట్టణంలో, సిద్ధగోరాలోని ఆ తెలుగు బస్తీ సందులో ఇరవై రెండిళ్లు. ఇళ్లు పెరగలేదు గానీ వాటిలో మనుషులు పెరిగారు. పోలరాజు ఇంటికి ఎదురుగా ఉండే సాయిచంద్ వాళ్లవి రెండే గదులు. వాటిలోనే అమ్మానాన్నలు, ఇద్దరన్నలు, వదినలు, పిల్లలు. అందుకే పెళ్లై ఏడాదిన్నరైనా అతని భార్య యోగిత జుగ్సలాయిలో పుట్టింట్లోనే ఉండిపోయింది. ఆదివారాలు మాత్రం వచ్చేది. ఇంట్లో అంతమంది మధ్య మాట్లాడుకోలేక, మొగుడూ పెళ్లాలిద్దరూ పోలరాజు అరుగు మీదికొచ్చి కూర్చునేవారు.

పోలరాజు వాళ్లకి అడ్డమయ్యేవాడు కాదు. ముప్పయ్యేళ్లు ఫర్నేసుల లోపల ఇటుకలు పేర్చిన మేస్త్రీ అతను. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పోయాయి. "ఆ" అన్నదొక్కటే మిగిలింది. పొద్దున్నే భార్య దాలమ్మ అతన్ని నడిపించుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టేది. సందులో వెళ్లేవాళ్లంతా పలకరించేవారు. అందరికీ "ఆ" అనేవాడు.

ఆ చలికాలంలో ప్రభుత్వ పథకం ఒకటి వచ్చింది. బస్తీవాళ్లు ఒక్కమాట మీద నిలబడి, అంబులెన్సు పట్టేంతగా సందు వెడల్పు చేసుకుంటే, డాబాల మీద కొత్త గదులు కట్టుకోవడానికి గ్రాంటిస్తారు. దానికి సందులోకి చొచ్చుకొచ్చిన అరుగులూ మెట్లూ తీసెయ్యాలి. ఒక్క ఇల్లు కాదన్నా దరఖాస్తు చెల్లదు. బస్తీ కమిటీ నడిపే త్రివేణి ఇల్లిల్లూ తిరిగి ఇరవై ఒక్క సంతకాలు తెచ్చింది.

దాలమ్మ పెట్టలేదు.

"అప్పా, నీ బాద నాకు తెల్దేటి? కానీ పిల్లలకి సోటు లేదు గదా" అంది త్రివేణి, అక్క వరస కలుపుతూ.

"తెలిస్తే అడక్కే తల్లీ. లోపల కూకుంటే ఆ మడిసికి గోడ తప్ప ఏటి కనిపిత్తాది? నలుగురూ పలకరిత్తన్నారని బతుకుతన్నాడు. ఈ అరుగు తీసేత్తే మూడు నెల్లుండడు."

త్రివేణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మళ్లీ అడగలేదు.

ఆ ఆదివారం యోగిత వచ్చింది. అరుగు చివర కూర్చున్నాక సాయిచంద్ మెల్లిగా, "రహ్‌నే దో, వదిలెయ్యి. ఆ ఫారం మాట ఎత్తకు" అన్నాడు.

"నేనెందుకెత్తుతాను? తాత ఎక్కడ కూర్చుంటాడు మరి?" అంది యోగిత. "ఇంకో ఏడాది ఆగుదాం." అలా అని మొహం అటు తిప్పుకుని చున్నీతో కళ్లు తుడుచుకుంది.

పోలరాజు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్న అతను అరుగు మీద కూర్చోలేదు. దాలమ్మ చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచి, ముందుగది గోడని ఎడమచేత్తో కొట్టాడు.

"ఏటయ్యా? నొప్పా?"

కాదన్నట్టు తలూపాడు. టీ ఇచ్చింది, తోసేశాడు. మాత్ర ఇచ్చింది, తీసుకోలేదు. ఆఖరికి తనే పొయ్యి దగ్గరున్న బుట్టలోంచి బొగ్గుముక్క తీసుకుని గోడ మీద గీత గీశాడు. గీత వంకరపోయింది. చెరిపి మళ్లీ గీశాడు. నాలుగు గీతలూ కలిశాక స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుని చూశాడు. కింది గీత సరిగ్గా అతని ఛాతీ ఎత్తుకొచ్చింది.

దాలమ్మ పక్కకొచ్చి వంగి ఆ గీతల్ని చూసింది. "కిటికీయా?"

"ఆ."

"ఇక్కడ కూకుంటావా? సందంతా అవుపడతాదా?"

"ఆ" అని నవ్వాడు. నోరు ఒకపక్కే కదిలింది.

"ఈ మాట ముందే సెప్తే నీకేటి పోయింది?" అనేసి, అన్నదేమిటో తెలిసి, అతని భుజంలో మొహం దాచుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం త్రివేణి ఇంటికెళ్లి సంతకం పెట్టింది. "ముందు కిటికీ ఎట్టాలి. తరవాతే అరుగు కొట్టాలి" అంది.

సాయిచంద్, అన్నలు కలిసి గోడ తెరిచారు. చుట్టూ పేర్చిన ఇటుకలు పోలరాజుకి నచ్చలేదు. ఎడమచేత్తో చూపించి మూడుసార్లు తీయించి, మూడుసార్లు పెట్టించాడు. అరుగు పగలగొట్టిన రోజున మాత్రం దాలమ్మ పెరట్లోంచి ఇవతలికి రాలేదు.

గ్రాంటు తొందరగా రాలేదు. ఆఫీసువాళ్లు కొలతలకే మూడుసార్లు వచ్చారు. వానలు తగ్గుముఖం పట్టాక మొదటి విడత అందింది. కొన్ని ఇళ్ల మీద ఇప్పటికీ స్తంభాలే ఉన్నాయి. సాయిచంద్ వాళ్ల డాబా మీద మాత్రం దసరా నాటికి రేకుల గది లేచింది. యోగిత ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది.

రెండో రోజు సాయంత్రం స్టీలు గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. "మామ్మా, థోడా తోడు దేనా, కాస్తే చాలు. పాలు తోడేసుకోవాలి."

"పాలు గోరెచ్చగున్నాయేటి?" లోపల్నించి దాలమ్మ అడిగింది.

"తెలీదు."

"ఏలెట్టి సూడు. కాలకూడదు, సల్లగా ఉండకూడదు."

దాలమ్మ రెండు చెంచాల పెరుగు వేసిన గ్లాసుని పోలరాజు ఎడమచేత్తో జాగ్రత్తగా బయటికి అందించాడు. యోగిత అందుకుని తమ డాబా మెట్లెక్కి పరుగెత్తింది.

"మెల్లిగెళ్లే, ఒలికిపోద్ది!" అని అరిచింది దాలమ్మ.